పావురం అన్నదెవరు?

కొండ మీది పనసగుడలో పావురం అన్న మాట ఎవడూ వాడడు. సామలు ఆరబోస్తే గుంపుగా వచ్చి పడేది గువ్వ. మధ్యాహ్నం పూట పనసచెట్ల మీంచి కూసి కూసి నిద్ర తెప్పించేదీ గువ్వే. చైత్రంలో ఇటుకల పండగొస్తే మగాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికెళ్ళి కొట్టి తేవాల్సిందీ గువ్వే. పావురం అంటారా, అది కింద సంత ఊళ్ళో షావుకార్ల మేడల మీద గింజలు మేసి బలిసే మచ్చిక పిట్ట. ఈ తేడా ఊళ్ళో చీమిడి తుడుచుకోవడం రాని గుంటడిక్కూడా తెలుసు. తెలియనిదల్లా ఆ కాగితం రాసిన మహానుభావుడికే. ఏం చేస్తాం, వాడి చేతిలో కలం ఉంది, సుక్రు నెత్తిన శని ఉంది!

ఆ కాగితం పట్టుకుని లావణ్య అనే అమ్మాయి సోమవారం పొద్దున్న షేర్ జీపులో దిగింది. విశాఖపట్నంలో చదువుకుంటున్న పిల్ల. ఏదో కమిటీ వాళ్ళు కొండ ఊళ్ళన్నీ తిరిగి అభిప్రాయాలు తెమ్మన్నారట. వార్డు మెంబరు ఫల్గుణ ఆమెను బడి అరుగు మీద కూర్చోబెట్టి, నలుగుర్నీ కేకేశాడు. సుక్రు కూడా వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల గొంతు సవరించుకుని చదివింది.

"మీ ప్రాంతంలో పావురాల వేటను చట్టబద్ధం చేయాలా, వద్దా? ఇదండీ ప్రశ్న. గురువారం మళ్ళీ వస్తాను. ఈలోగా అందరూ ఆలోచించుకోండి. ఎవరి పేర్లూ రాయం, భయపడకండి."

పేర్లు రాయం అన్నవాళ్ళే ముందు పేరడుగుతారని ఆ ఊరికి అనుభవం. అయిదేళ్ళ కిందట పక్క ఊరి భీముడు గుప్పెడు గువ్వ ఈకలతో ఫారెస్టు వాళ్ళకి దొరికిపోయి, కోర్టు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. అందుకే కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అవునంటే కొట్టినట్టు ఒప్పుకున్నట్టు. కాదంటే పండగ వద్దన్నట్టు. "ఇదేదో గేలం రా బాబూ, కొసన ఎర ఉంది," అని వెనకాల ఎవరో గొణిగారు.

సుక్రు భయం అది కాదు. అతని చెవిలో ఒక్క మాటే గింగురుమంటోంది. పావురాల వేట! గువ్వల వేట అనలేదు. పావురాలు అంది. అంత పెద్ద కాగితం మీద అచ్చేసుకుని మరీ తెచ్చింది. ఎవరు చెప్పారు?

సుక్రు సంగతి ఇక్కడ చెప్పకపోతే మీకు ఈ కథ ఎక్కదు. అరవై ఏళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు గువ్వ కొమ్మ మీద వాలేలోపు కింద పడేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో అంబు సుక్రు అంటే తెలియనివాళ్ళు లేరు. ఇటుకల పండగలో వట్టి చేతుల్తో తిరిగొచ్చిన మగాడి మీద ఆడాళ్ళు పేడనీళ్ళు కుమ్మరించి, నానా మాటలూ పాటలు కట్టి పాడతారు. పెళ్ళయి నలభై ఏళ్ళయినా సుక్రు మీద ఒక్క చుక్క పడలేదు. అతను తెచ్చిన పిట్ట నెత్తురు విత్తనాల్లో కలుపుతారు. కలిపిన ఆ విత్తనంలో తొలి గుప్పెడు అతని చేత్తోనే చల్లిస్తారు. ఊళ్ళో అంతకు మించిన గౌరవం లేదు. సర్పంచికి కూడా లేదు.

అలాంటి మనిషికి కళ్ళు పోయాయి. ఒక్క రోజులో కాదు, మెల్లిమెల్లిగా. ఎదుటి మనిషి మొహం అరకు పొగమంచులో నిలబడ్డట్టు కనబడ్డం మొదలయింది. నాలుగేళ్ళ కిందట పండగ నాడు గెడ్డ ఒడ్డున పొద్దంతా కూర్చున్నాడు. గువ్వ నెత్తి మీదే కూస్తోంది, కంటికి మాత్రం ఆనడం లేదు. ఆరు అంబులు వేశాడు. ఆరూ పోయాయి. చేతుల్తో నేలంతా తడుముకుని రెండు ఏరుకున్నాడు. ఆ రోజు కూర్చుని ఏడ్చాడు. అది ఎవరికీ తెలియదు. ఏడ్చి ఏడ్చి లేచి, అడ్డదారిన సంత ఊరికి దిగి, జగన్నాథరావు షావుకారు మేడ మీంచి ఒక పావురాన్ని తెచ్చుకున్నాడు.

తెచ్చి గొంతు కోసి, నెత్తురు అడ్డాకు దొప్పలో పట్టి, తలా కాళ్ళూ రెక్కల కొసలూ నరికేసి, ఈకలన్నీ మంటలో కాల్చేశాడు. కాల్చి నల్లబడ్డ పిట్టని అంబుకి గుచ్చి ఊళ్ళోకి తెచ్చాడు. "ఈకలు దొరికితే భీముడి గతే. అందుకే అడవిలోనే కాల్చీసినాను," అన్నాడు. అందరూ తలలూపారు. పైగా "ఎంత బలిసిన గువ్వని కొట్టినావు మావా!" అని మెచ్చుకున్నారు. అప్పట్నుంచి ఏటా అదే వరస.

ఇప్పుడు తెలిసిందా మన పెద్దమనిషి బాధ? వేట తప్పు అన్న చట్టం ఉన్నన్నాళ్ళూ కాల్చిన పిట్టని తేవచ్చు. ఒప్పు అన్నారనుకోండి, ఇంక కాల్చే పనేముంది? పిట్టని పిట్టలాగే తేవాలి, గువ్వకి మెడ మీదుండే చుక్కలతో సహా. ఊరంతా భయపడే చట్టం సుక్రుకి మాత్రం నెత్తి మీద గొడుగు. ఆ గొడుగు తీసేయాలా అని అడగడానికి ఎవరో పిల్ల జీపెక్కి వచ్చింది. అదీ పావురం అన్న మాటతో వచ్చింది!

ఇంటికొచ్చాక పెళ్ళాం చిట్టి ఆనపకాయ డొక్కులో చోళ్ళ అంబలి ముందు పెట్టింది. సుక్రు డొక్కు ఎత్తలేదు.

"ఏటయ్యా, అలాగున్నావు? ఆ గుంట ఏటడిగింది?"

"నీకేటి తెల్దా?"

"నాకెలా తెలుస్తాదీ? నాను గెడ్డ కాడున్నాను గదా."

గెడ్డ కాడుందట. ఆ జీపు గెడ్డ దాటే వచ్చింది. దారిలో ఆపి ఏదైనా అడిగిందేమో, ఇదేదైనా వాగిందేమో. ఇదెవరితోనైనా వాగిందంటే దీనికేదో తెలిసి ఉండాలి. తెలిసే వీల్లేదు. సుక్రు పెళ్ళాం మొహంలోకి చూశాడు. తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడలేదు. నలభై ఏళ్ళ కాపరంలో ఆ మొహం మీద అనుమానం ఎలా ఉంటుందో చూసి పట్టేవాడు. ఇప్పుడు గొంతు విని పట్టాలి. గొంతు మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది.

"ఈయేడు నువ్వు కొండెక్కకపోతే ఏటి?" అంది చిట్టి, పొయ్యిలో కర్ర ఎగదోస్తూ. "ఫల్గుణా, ఆ కుర్రాళ్ళూ ఉన్నారు గదా. ఆళ్ళు తెత్తారు."

అంతే, సుక్రుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏటే, నానింకా సావనేదు! నాను సచ్చినాక ఎల్లమను ఆళ్ళని," అని అంబలి అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాడు. వచ్చాడే గాని ఆ మాట వదల్లేదు. ఎందుకు వెళ్ళొద్దంది? అన్నేళ్ళలో ఎప్పుడూ అనని మాట ఇవాళే ఎందుకంది? అంటే చిట్టి, ఫల్గుణ, ఆ చదువుకున్న గుంట, ముగ్గురూ ఒకటే! అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా. ఆ సాయంత్రానికి సుక్రుకి ఇంటి కుక్క మీద కూడా నమ్మకం పోయింది.

మంగళవారం తెల్లారకుండానే జగన్నాథరావు కొట్టుకి దిగాడు. దారి కాళ్ళకి తెలుసు, కళ్ళతో పనిలేదు. షావుకారు మేడ మీద నిలబడి దోసిలితో గోధుమలు చల్లుతున్నాడు. పావురాలు టపటపమని రెక్కలు కొట్టుకుంటూ మీద పడుతున్నాయి. సుక్రుని చూసి నవ్వుతూ కిందికొచ్చాడు.

"ఏం సుక్రూ, పండగ దగ్గర పడిందని వచ్చావా? మీ బామ్మర్దికి ఆ పక్షవాతం ఇంకా తగ్గలేదేమయ్యా? నాలుగేళ్ళ బట్టీ పావురం నెత్తురు రాస్తున్నారు!"

ఆ బామ్మర్ది, ఆ పక్షవాతం, అన్నీ సుక్రు కల్పించినవే. ఆ బామ్మర్ది నిక్షేపంలా కాఫీ తోటలో పనిచేసుకుంటున్నాడు. సుక్రు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "బాబూ, నాను నీ కాడ పావురాలు అట్టుకెల్తన్న సంగతి ఎవులికైనా సెప్పినావా?"

షావుకారు నవ్వు టక్కున ఆగిపోయింది. "ఎందుకడుగుతున్నావు? ఎవరైనా ఏమైనా అన్నారా? చూడు, అవి నేను పెంచుకునేవి. అడవి పిట్టలు కావు. నామీదకేమీ రాదు కదా?" అని అటూ ఇటూ చూశాడు. ఆయన అనుమానం ఆయనది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "అన్నట్టు నిన్న ఒకమ్మాయి వచ్చింది. జీపు కోసం చూస్తూ ఇక్కడే టీ తాగింది. పావురాలు బాగున్నాయండీ అని ఫొటో కూడా తీసుకుంది."

"ఏటడిగింది?"

"ఏమడుగుతుంది? ఏం మేత పెడతారని అడిగింది. గోధుమలమ్మా, నూకలు పెడితే ఒళ్ళు రాదు అన్నాను. అంతే."

అంతేనట! ఫొటో తీసిందట! సుక్రుకి ఇంక అనుమానం లేదు. అన్నీ తెలుసుకునే ఊళ్ళోకి వచ్చింది, ఫొటో దగ్గర పెట్టుకుని, నంగనాచిలా వేట మీద ప్రశ్న అడుగుతోంది. పిట్ట కావాలా అని షావుకారు అడుగుతున్నా వినిపించుకోకుండా సుక్రు కొండెక్కేశాడు. ఆదివారం పండగ. చేతిలో పిట్ట లేదు. గురువారం మీటింగు. దారంతా ఒకటే మాట నోట్లో నములుకున్నాడు. వద్దనాలి. వేట వద్దని గట్టిగా అనాలి. అప్పుడు చట్టం అలాగే ఉంటుంది, మంటలో కాల్చిన పిట్టా అలాగే ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం బడి అరుగు నిండిపోయింది. లావణ్య ఒడిలో కాగితాలు పెట్టుకుని మధ్యలో కూర్చుంది. విత్తనాల పూజ చేసే గాసి ముందు వరసలో ఉన్నాడు. ఆడాళ్ళు ఓ పక్కన. వాళ్ళలో చిట్టి కూడా ఉందని దగ్గు విని సుక్రు పోల్చుకున్నాడు.

మొదట ఫల్గుణ లేచాడు. వాడికి మాట్లాడ్డమంటే సరదా. "మా సోళ్ళూ సామలూ సగం ఆ పిట్టలే తినేత్తన్నాయమ్మా. ఏడాదికోపాలి పండగకి నాలుగు కొట్టుకుంటే తప్పేటి? మా తాతలు కొట్టినారు, ఆళ్ళ తాతలు కొట్టినారు. దొంగల్లాగ ఈకలు కాల్సుకుని ఎందుకు బతకాల? ఒప్పే అని రాసుకో."

ఇద్దరు కుర్రాళ్ళు అవునన్నారు. మిగతావాళ్ళు నేల గీకుతూ కూర్చున్నారు. ఏదీ అనకపోతే ఏదీ మీద పడదని వాళ్ళ లెక్క.

అప్పుడు సుక్రు లేచాడు. ఊరంతా అతని నోటికేసి చూసింది. వేటంటే సుక్రు, సుక్రు అంటే వేట. వేరేగా ఏమంటాడు?

"వొద్దు," అన్నాడు సుక్రు. "వేట వొద్దు. ఇప్పుడెలాగుందో అలాగే ఉండనీ."

అరుగు మీద ఒక్కసారిగా గోల. ఫల్గుణ కళ్ళు చిన్నవి చేశాడు.

"ఏటి మావా? నువ్వేనా? ఊళ్ళో అందరికన్నా ఎక్కువ కొట్టింది నువ్వు. నువ్వు వొద్దంతన్నావా? ఎవులు నేర్పినారు నీకీ మాట? మంగళారం సీకటితో ఎక్కడికెల్లినావు? ఎవుల్ని కలిసినావు?"

"నానెక్కడికెల్తే నీకేటిరా!"

"నాకెందుకు అక్కర్నేదూ? ఆ రోజు సంత నేదు, పెళ్ళి నేదు. మంగళారం కిందకెల్లినావు, గురువారం పిట్టల మీద జాలి పుట్టింది. ఫారెస్టు జీపులోల్లు ఏటైనా సెప్పినారా? మమ్మల్నట్టిస్తానని ఒప్పుకున్నావా?"

ఓరి దేవుడా! సుక్రు భయపడింది ఒకటి, ఊరు అనుమానించింది ఇంకొకటి. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. అవునని అంటే ఊరికి ద్రోహి, కాదని అంటే కారణం చెప్పాలి. "జాలి గాదు," అన్నాడు తడబడుతూ. "ఈకలు..."

"ఈకలేటి మావా? ఒప్పంటే ఈకలు కాల్సే పనే నేదు గదా. పిట్టని పిట్టలాగ తెచ్చి మా కళ్ళ ముందేద్దువు. నాలుగేళ్ళయింది నువ్వు కొట్టిన గువ్వ మొగం సూసి!"

లావణ్యకి ఈ గొడవంతా అర్థం కాలేదు. పాపం, మంచి పిల్ల. పెద్దాయన్ని అందరూ దబాయిస్తున్నారని సర్దిచెప్పబోయింది. కాగితం చూసి మర్యాదగా అడిగింది. "తాతగారూ, మీరు పెద్ద వేటగారని ఫల్గుణ చెప్పారు. ప్రతి పండక్కీ పావురాన్ని తెచ్చేది మీరేనట కదా?"

అయిపోయింది.

"పావురం అన్నదెవులు?" అని అరిచాడు. "పావురమని ఎవులు సెప్పినారు నీకు? ఆ జగన్నాథరావు బాబు సెప్పినాడా? అందుకేనా ఆడి మేడెక్కి ఫొటో తీసినావు? నాలుగు పిట్టలట్టుకొచ్చినాను. నాలుగంటే నాలుగే! అయితే ఏటి, మనుసుల్ని సంపీసినానా?"

అరిచి, ఊపిరి తీసుకున్నాడు. ఆడాళ్ళ వరసలోంచి ప్రార్థనకి వెళ్ళే రత్న మెల్లగా అంది. "మావా, పుస్తకాల్లో గువ్వని కూడా పావురమే అంతారు. మా బైబిల్లో అలాగే ఉంటాది. ఆయమ్మ అడిగింది గువ్వ గురించే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. సుక్రు భుజాలు తడుముకోవడమే కాదు, గుమ్మడికాయ తెచ్చి నడిబజార్లో పెట్టేశాడు. అతనికి ఆ సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక గోడ పట్టుకున్నాడు.

మొదట ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. గాసి మాత్రం నవ్వలేదు. పళ్ళు కొరుకుతూ లేచాడు. "అయితే నాలుగేళ్ళ బట్టీ ఇత్తనాల్లో కలిపింది మేడ మీది పిట్ట నెత్తురా? ఇటుకల పండగని మోసం సేసినావు. అందుకే పోయినేడు సామలన్నీ వానకి కుళ్ళిపోనాయి! తొలి గుప్పెడు నీ సేత్తో సల్లించినాం, సిగ్గు నేదా సుక్రూ?"

"ఈకలు కాల్సినాడంటే సట్టానికి భయపడి అనుకున్నాం. మాకు భయపడి కాల్సినాడు!" అన్నాడు ఫల్గుణ. వాడి గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. చిన్నప్పుడు వాడికి విల్లు పట్టుకోవడం నేర్పింది సుక్రే.

అప్పుడు ఆడాళ్ళ వరసలో చీర సర్దుకున్న చప్పుడయింది. చిట్టి లేచింది.

"ఆయన్నడక్కండి. నన్నడగండి," అంది. "నాకు మొదటేడే తెలుసు. కూరకి పిట్టని కోసింది నాను గదా. ఈకలు కాల్సినాడు, తల నరికినాడు, గొంతు కింద తిత్తి మాత్రం మర్సిపోనాడు. ఆ తిత్తి నిండా గోధుమలు. మన కొండ మీద గోధుమలు ఏ సెట్టుకి కాసినాయి?"

సుక్రు తల తిప్పి ఆ గొంతు వచ్చిన వైపు చూశాడు. చాలా గట్టిగా చూశాడు. పొగ తప్ప ఏమీ కనబడలేదు.

"తెలిసీ ఎందుకు సెప్పనేదే?" అని గాసి కసిరాడు.

"సెప్తే పేడనీళ్ళు పొయ్యాల. కళ్ళు కనబడని మనిసి మీద ఎలా పొయ్యమంతావు?" అంది చిట్టి. "కళ్ళు పోనాయని నాకు తెల్దనుకున్నాడు. కూరలో మిరపకాయలు ఏరి పక్కనెడతన్నది ఎవులనుకున్నాడో! నడిసే దారిలో రాళ్ళు తీసేత్తన్నది ఎవులనుకున్నాడో! ఈయేడు ఎల్లొద్దని నోరిడిసి సెప్పినాను. ఇంటేనా?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందట. సుక్రు నాలుగేళ్ళుగా తాగుతున్నాడు, పాలు పోసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. ఊరికి తెలిసినందుకు కాదుగాని, ఆ మనిషిని నాలుగు రోజులుగా అనుమానించినందుకు అతనికి సిగ్గేసింది. మహా సిగ్గేసింది.

లావణ్య కలం పట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చుంది. "ఇవేవీ నేను రాయనండీ," అంది. సుక్రు గోడ వదిలి ఆమె గొంతు వైపు తిరిగాడు.

"నా మాట మాత్రం కొట్టీమ్మా. వేట వొద్దని నా కోసమన్నాను, వేట కోసం కాదు. ఈ కుర్రాళ్ళకి కళ్ళున్నాయి. ఆళ్ళేటంతే అది రాసుకో."

ఆమె కొట్టేసింది. తీరా చూస్తే అవును అన్నవాళ్ళు ముగ్గురే మిగిలారు. తక్కినవాళ్ళంతా ఆలోచించి చెప్తాం అన్నారు. ఏ ఊళ్ళో అడిగినా ఆలోచించి చెప్తామనే అంటున్నారని ఆ అమ్మాయి ఫల్గుణతో చెప్పుకుని జీపెక్కింది.

ఆదివారం మగాళ్ళు అడవికెళ్ళారు. సుక్రు కూడా విల్లు భుజానికేసుకుని వెళ్ళాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ రావద్దనలేదు. ఆ కాగితం ఏ జీపుని వెనకేసుకొస్తుందో అని అందరికీ లోపల పీకుతూనే ఉంది. పొదల్లో ఎండుటాకు కదిలితే చాలు, విల్లు దించేసి నక్కి కూర్చున్నారు. సాయంత్రానికి ఊరి మగాళ్ళందరూ వట్టి చేతుల్తో తిరిగొచ్చారు. అలాంటి పండగ పనసగుడ చరిత్రలో లేదు. గాసి చేసేది లేక కోడి కోసి ఆ నెత్తురు విత్తనాల్లో కలిపి, తొలి గుప్పెడు తనే చల్లుకున్నాడు.

ఆడాళ్ళకి మాత్రం అంతకు మించిన పండగ లేదు. ఊరి మొదట్లో కడవలు పట్టుకుని రెండు వరసలు కట్టారు. ఫల్గుణ మీద నాలుగు కడవలు పడ్డాయి. మెంబరుగిరీ అంతా పేడలో కలిసిందని పాట కట్టారు. గాసిని కూడా వదల్లేదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళుగా మగాళ్ళు తడిసి, తిట్లు తిని, నవ్వుతూ, ఉమ్మేస్తూ దాటారు.

చివర సుక్రు వచ్చాడు. పాట ఆగిపోయింది. నవ్వులు ఆగిపోయాయి. అతను వరసల మధ్య నెమ్మదిగా నడుస్తుంటే ఆడాళ్ళు కడవలు దించి పక్కకి జరిగి దారి ఇచ్చారు. "అటేపు రాయుంది, సూసుకో తాతా," అని ఒక గుంట చెయ్యి కూడా పట్టుకోబోయింది.

సుక్రు ఆగిపోయాడు. ఒంటి మీద పొడి బట్ట. ఊళ్ళో మగాళ్ళందరిలో పొడి బట్ట అతనొక్కడిదే. నలభై ఏళ్ళు ఆ పొడి బట్ట చూసుకుని రొమ్ము విరుచుకున్నాడు. ఇవాళ అది ఒంటికి అంటుకుని మంటలా కాలుతోంది.

"పొయ్యరేం?" అన్నాడు. "నానూ వట్టి సేతుల్తోనే వొచ్చినాను. పొయ్యండే!"

ఎవరూ కదల్లేదు. పాపం అని ఎవరో నాలిక చప్పరించారు. సుక్రు ఇంకో అడుగు ముందుకేశాడు. "నాను ఏటకి ఎల్లనేదేటి? నాను మొగోన్ని కాదేటి?"

అప్పుడు చిట్టి వచ్చింది. రెండు చేతుల్తో నిండు కడవ ఎత్తుకుని, ఎదురుగా నిలబడి, "అంబు సుక్రట, అంబు! అడివంతా తిరిగి ఆకైనా తేనేదు!" అని ఊరంతా వినబడేలా తిట్టి, నెత్తి మీంచి కాళ్ళ దాకా ధార కట్టి కుమ్మరించింది. వెనకాల ఎవరో పాట ఎత్తుకున్నారు. మిగతావాళ్ళు అందుకున్నారు.

సుక్రు మొహం మీంచి కారుతున్న పేడనీళ్ళు తుడుచుకోలేదు. అందులో కన్నీళ్ళెన్నో ఎవరికీ తెలియదు.

"ఇది ఈయేటిది," అన్నాడు నోట్లోది ఉమ్మేసి. "మిగతా నాలుగేళ్ళదీ?"

"ఉండు మరి," అంది చిట్టి, ఖాళీ కడవ చంకనెత్తుకుంటూ. "పేడ కలుపుకు రావాల గదా."